రేపటి నుంచి ముప్ఫై ఒక్క సెంట్లు

మా ఆర్థికమంత్రి గారు, అదే మా ఆయన, ఇప్పుడే దిగబడ్డారు. గరాజ్ తలుపు చప్పుడుకి చిన్నది లేచి కూర్చుంది. దాన్ని మళ్ళీ జోకొట్టేసరికి నా నిద్ర కాస్తా ఎగిరిపోయింది. కాబట్టి ఈ టపా.

ఈ రాత్రి (2023 జనవరి 10) పదకొండూ యాభై తొమ్మిదితో అమెరికాలోని మా జార్జియాలో పెట్రోలు పన్ను సెలవు, అంటే రాష్ట్రం పన్ను వసూలు ఆపిన గడువు, ముగుస్తుంది. నిరుడు (2022) మార్చి 18న గవర్నర్ కెంప్ సంతకం పెట్టాడు, మే ఆఖరు దాకా అన్నాడు. తర్వాత కొంచెం కొంచెంగా పొడిగిస్తూ జనవరి 10 దాకా లాక్కొచ్చాడు. మధ్యలో నవంబరులో ఎన్నికలున్నాయని వేరే చెప్పక్కర్లేదు. ఆయన మీద పోటీ చేసిన ఏబ్రమ్స్ కూడా ఏడాది చివరిదాకా ఉంచమనే అంది. ఓట్లు కావాల్సినవాళ్ళెవరూ వద్దనలేని పథకం ఇది.

సరే, రేపటి నుంచి గ్యాలనుకి 31.2 సెంట్లు మళ్ళీ పడుతుంది. అందుకని ఈయన ఆఫీసు నుంచి రాగానే, సభ్యత్వం కట్టి సరుకులు కొనే ఆ పెద్ద షాపు బంకుకి బయల్దేరారు. ఊరు ఊరంతా అక్కడే ఉందట. క్యూ రోడ్డు మీదికొచ్చిందట. ఇక్కడ నేను పెసరట్టు వేసి మూతపెట్టి కూర్చున్నాను. ఫోన్ చేస్తే "ఇంకో నాలుగు కార్లే" అన్నారు. ఆ నాలుగు కార్లూ ఎంతకీ తరగలేదు. పెసరట్టు చెప్పు అట్టలా తయారైంది.

లెక్క నేనే వేసి చెప్పాను. ఆయన కారులో పట్టేది మహా అయితే పద్నాలుగు గ్యాలన్లు. మిగిలేది నాలుగు డాలర్ల ముప్ఫై ఏడు సెంట్లు. క్యూలో ఇంజిన్ ఆపకుండా హీటర్ వేసుకుని కూర్చున్నందుకు అందులో కొంత హారతి.

అసలు విషయం ఇంకోటుంది. ఈ పన్ను మనం నాజిల్ పట్టుకున్నప్పుడు పడేది కాదు. బంకులకి సరుకు పంపే డిస్ట్రిబ్యూటర్లు ముందే కడతారు. అంటే ఇవాళ నేల కింద ట్యాంకులో ఉన్నదంతా పన్ను లేకుండా కొన్న పెట్రోలే, రేపు పొద్దున పోయించుకున్నా అదే. ఇది చెప్తే ఆయన తాళాలు గూట్లో పడేసి, "బంకువాడు అంత ధర్మాత్ముడా? తెల్లారేసరికి బోర్డు మార్చేస్తాడు" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. మార్చిలో పన్ను తీసేసినప్పుడు మాత్రం పాత సరుకు అయిపోవాలని రోజుల తరబడి బోర్డు కదల్లేదు మరి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని పెన్ వార్టన్ పరిశోధకులు అప్పట్లో లెక్కగట్టారు: జార్జియాలో అప్పటి రేటు ప్రకారం తీసేసిన 29.1 సెంట్లలో మనదాకా వచ్చింది 58 నుంచి 65 శాతమేనట. ఇలాగే పన్ను ఆపిన మేరీలాండ్‌లో 72 శాతం. మిగతాది దారిలో ఎవరి జేబులో పడిందో వాళ్ళకే తెలియాలి.

ఇంత చిరాకు నాకెందుకా అని ఆలోచిస్తే నాన్న గుర్తొచ్చారు. మా ఇల్లు కాకినాడలో, ఆయన డ్యూటీ యానాంలో.

యానాం పుదుచ్చేరిది కాబట్టి అక్కడ పన్ను తక్కువ, పెట్రోలు చవక. ఇప్పుడైతే లీటరుకి పది రూపాయలకి పైనే తేడా. మన దగ్గర 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకి నాలుగు రూపాయలు, ఆపైన రోడ్ల సెస్సు రూపాయి. నా ఇంజనీరింగ్ రోజుల్లో తేడా ఇంత లేదు గానీ, మా వీధివాళ్ళకి ఆ కాస్తా చాలు. నాన్న ఎలాగూ రోజూ తాళ్ళరేవు మీదుగా వెళ్ళొచ్చే మనిషి. హీరో హోండా ట్యాంకు నిండా పోయించుకొచ్చేవారు. సాయంత్రం వరండాలో బండి సెంటర్ స్టాండు వేసి, ట్యాంకులోకి ట్యూబు దించి, నోటితో ఒక్క లాగు లాగి, పెట్రోలు పెదాలకి తగిలేలోపు రెండో కొస సీసాలో పెట్టేసేవారు. ఒక్కోసారి గురి తప్పేది. తుపుక్కుమని ఉమ్మి, నూతి దగ్గరికి పరిగెత్తి పుక్కిలించేవారు. అమ్మ చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని "ఆ చేత్తో గిన్నెలు ముట్టుకోకండి" అని లోపలినుంచే అరిచేది. అన్నం కూడా అదే వాసనొస్తోందని తమ్ముడు పేచీ.

ఆ సీసా ఎవరికి? ఎదురింటి మాస్టారికి. ఆయన లూనాకి. డబ్బులెప్పుడూ రెండు రూపాయలు తక్కువే, "చిల్లర రేపిస్తానండీ" అనేవారు. ఆ రేపు రాలేదు, నేను సాక్షిని. పైగా సీసా చంకలో పెట్టుకుని అరుగు మీద నిలబడి, రోడ్లు ఎలా ఏడ్చాయో చూశారా, గుంటల్లో నడుం విరుగుతోంది, ఈ ప్రభుత్వం ఏం చేస్తోందండీ అని ఉపన్యాసం! మీరు కట్టిన పన్నేది మాస్టారూ అని అడగాలని నాకు నోటిదాకా వచ్చేది. నాన్న మాత్రం నవ్వి ఊరుకునేవారు. ఇవాళ ఈయన క్యూలోంచి ఫోన్ చేసి "ఇక్కడ రోడ్డంతా గుంటలు" అన్నప్పుడు సరిగ్గా ఆ మాస్టారే మాట్లాడినట్టనిపించింది.

పెట్రోలు పన్నంటే రోడ్ల డబ్బు. ఇక్కడ రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసుకున్నారు, రోడ్లకీ వంతెనలకీ తప్ప వాడకూడదని. నెలకి పదిహేను కోట్ల డాలర్లకి పైనే వదులుకున్నారు. ఖజానాలో మిగులుంది కాబట్టి అందులోంచి రోడ్ల శాఖకి సర్దారు. వాషింగ్టన్ వసూలు చేసే 18.4 సెంట్లు వేరే, అది 1993 నుంచి పైసా పెరగలేదు. దాన్ని మూడు నెలలు ఆపమని నిరుడు జూన్‌లో అధ్యక్షుడు బైడెన్ అడిగితే కాంగ్రెస్ పట్టించుకోలేదు. దేశం మొత్తం మీద గ్యాలను అయిదు డాలర్లు దాటిన నెల అది.

ఇక్కడిదాకా రాసి చదువుకుంటే, పన్ను కట్టనివాళ్ళకి రోడ్ల గురించి మాట్లాడే హక్కు లేదన్నట్టుంది. నిజానికి మనవైపు ఆ రోడ్ల సెస్సు రూపాయి 2020 నుంచీ కడుతూనే ఉన్నారు కదా, ఆ తర్వాతి ఏడాది గుంటల మీద ఎన్ని ధర్నాలు జరిగాయి? కట్టినా గుంటలే అయినప్పుడు మాస్టారు సీసా పట్టుకోవడంలో తప్పేముంది? 2021 దీపావళికి కేంద్రం తన సుంకం లీటరు పెట్రోలు మీద అయిదు రూపాయలు, డీజిలు మీద పది తగ్గించింది, మరుసటి ఏడాది మేలో ఇంకో ఎనిమిదీ ఆరూ. చాలా రాష్ట్రాలు వ్యాట్ తగ్గించాయి, మన రెండూ ససేమిరా అన్నాయి. మేం పెంచనే లేదు, తగ్గించడమేమిటని కేసీఆర్ వాదన. ప్రభుత్వాల ఖజానా ఇబ్బంది నిజమే కావచ్చు, బండి తోసుకుంటూ వెళ్ళేవాడికి అదంతా ఎందుకు?

నిన్నటిదాకా నా వాదన ఒకటుండేది. పన్ను ఆపే బదులు డబ్బు నేరుగా చేతికివ్వాలని. నిరుడు ఇక్కడ జార్జియాలో ఇచ్చారు కూడా, భార్యాభర్తలు కలిసి ఆదాయప్పన్ను రిటర్ను వేస్తే అయిదొందల డాలర్లు. నాకైతే ఏడాదంతా బంకు దగ్గర మిగిలిన దానికంటే అదే ఎక్కువ. ఇందాక పెసరట్టు వేడిచేస్తూ ఈయన్ని అడిగాను.

"అయిదొందలా? ఎప్పుడు?" అన్నారు.

ఖాతాలో పడింది, కరిగిపోయింది. నాలుగు డాలర్లు మాత్రం స్తంభం మీద ఎర్రంకెల్లో కనిపిస్తాయి కాబట్టి క్యూ కట్టారు. నెల తప్పకుండా కట్టే కారు ఇన్సూరెన్స్ ఎంత పెరిగిందో చెప్పమంటే చెప్పలేరు.

కానీ ఆ అయిదొందలూ మేము అంతకంటే ఎక్కువ ఆదాయప్పన్ను కట్టాం కాబట్టి వచ్చాయి. కట్టినంతవరకే తిరిగిచ్చారు. చిన్నదాని డేకేర్‌లో సాయంగా ఉండే అమ్మాయి గెయిన్స్‌విల్ నుంచి రోజూ పాత పికప్ నడుపుకుంటూ వస్తుంది. తనకి పడింది వందలోపేనట. బంకు దగ్గర తగ్గింది మాత్రం వారం వారం తగ్గింది. రేపటి నుంచి అదీ లేదు. ఎలక్ట్రిక్ కారున్న మా ఆఫీసు మిత్రుడికైతే బంకు దగ్గరి తగ్గింపే లేదు. రోడ్డు వాడినందుకని ఏటా కట్టే రెండొందల పైచిలుకు ఫీజుకి సెలవెవరూ ఇవ్వలేదని లంచ్‌లో ఒకటే గొణుగుడు. ఆయన్ని చూసి నాకేం జాలి కలగలేదు.

శనివారం భోగి. పక్కింటి ఆంటీ రేగుపళ్ళు సంపాదించి తెచ్చారు, చిన్నది అప్పుడే గుప్పెడు లాగించింది.

ఇక నా కారు సంగతి. ముల్లు సగానికి దిగువనే ఉంది. రేపు ఆఫీసుకెళ్తూ ఇంటి దగ్గర బంకులోనే పోయించుకుంటాను, బోర్డు మీద ఎంతుంటే అంత.