నూలుపోగు లేకుండా ఒక చలికాలం

బట్టల్లేకుండా ఆరుబయట గడపడం నాకు ఎండాకాలంలో అలవాటైంది. న్యూడిజం కోసమే కేటాయించిన ఆవరణ, చుట్టూ చెట్లు, మధ్యలో చిన్న చెరువు. అక్కడికొచ్చేవాళ్లు ఒకరి ఒంటిని ఒకరు పట్టించుకోరు. మొదటి రోజు పడ్డ సిగ్గు రెండో రోజుకే పోయింది. ఒంటికి తగిలే గాలి, ఎండ, గడ్డి, వీటి రుచి ఒకసారి తెలిశాక మానలేం. చలి మొదలయ్యేసరికి మాత్రం అందరూ ఒక్కొక్కరే రావడం తగ్గించారు. నాకు ఎండలు మళ్లీ వచ్చేదాకా ఆగబుద్ధి కాలేదు. "మీ ఒళ్లు, మీ ఇష్టం. నేను మాత్రం స్వెట్టర్ విప్పను" అని చెప్పి మరీ మా ఆవిడ తోడొచ్చింది.

మొదటి ప్రయత్నం 16 డిగ్రీల సెల్సియస్ దగ్గర. స్వెట్టర్ వేసుకున్నవాళ్లకు అది హాయైన వాతావరణమే. నాకు మాత్రం ఐదు నిమిషాలకే రోమాలు నిక్కబొడుచుకున్నాయి, పదో నిమిషానికి పళ్లు టకటకలాడాయి. పళ్లు బిగబట్టి ఇంకో ఐదు నిమిషాలు నిలబడ్డాను. ఇంటికెళ్లాక అర్థమైంది, పళ్లు బిగబట్టడం వల్ల ఒరిగేది ఏమీ లేదని. బట్టల్లేని మనిషి నీడలో, గాలి ఆడని చోట కదలకుండా కూర్చుంటే, ఒంటికి అదనపు శ్రమ లేకుండా వేడి నిలిచేది దాదాపు 28 నుంచి 30 డిగ్రీల దగ్గరే. అంతకంటే తగ్గితే చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి, అదీ చాలకపోతే వణుకు మొదలవుతుంది. రోమాలు నిక్కబొడుచుకోవడం కూడా వేడి దాచుకోవడానికే. జంతువులకైతే ఆ బొచ్చు మధ్య గాలి చిక్కుకుని దుప్పటిలా పనిచేస్తుంది. మన బొచ్చు ఎప్పుడో పోయింది, గగుర్పాటు ఒక్కటే మిగిలింది.

ఆ తర్వాత పంతం మానేసి చోటు వెతకడం మొదలుపెట్టాను. ఆవరణలో ఒక రాతిగోడ ఉంది. దాని ముందు మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతుంది, వెనకనుంచి వచ్చే గాలిని గోడ ఆపేస్తుంది. ఒక 12 డిగ్రీల రోజున ఆ గోడ ముందు అరగంట సుఖంగా ఉండగలిగాను. నాలుగడుగులు పక్కకు జరిగి గాలిలో నిలబడితే మూడు నిమిషాలు కూడా కష్టమే. మన ఒంటిని అంటిపెట్టుకుని వెచ్చబడిన పల్చటి గాలిపొర ఒకటి ఉంటుంది. గాలి వీచినప్పుడల్లా అది కొట్టుకుపోతుంది, ఒళ్లు మళ్లీ కొత్త పొరను వేడి చేసుకోవాలి. అప్పటినుంచీ నేను థర్మామీటర్ కంటే ముందు చెట్ల ఆకులు చూడటం మొదలుపెట్టాను. ఆకులు ఊగుతుంటే ఆ రోజు బట్టలతోనే నడక.

రెండోది, పని. ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లు సుమారు 100 వాట్ల వేడి పుట్టిస్తుంది, పాతకాలపు బల్బు ఒకటి వెలిగినంత. చురుగ్గా నడిస్తే అది మూడింతలు దాటుతుంది. అందుకే ముందు బట్టలతోనే పావుగంట నడిచి, ఒళ్లు వేడెక్కాక విప్పేవాణ్ణి. రాలిన ఆకులు ఊడ్చడం, కట్టెలు పేర్చడం లాంటి పనులు పెట్టుకునేవాణ్ణి. చెమట పట్టేదాకా మాత్రం చేయకూడదు. పని ఆపగానే ఆ తడి ఆరుతూ ఉన్న వేడంతా లాగేస్తుంది. కూర్చోవాలంటే మందపాటి చాప కావాల్సిందే, చల్లటి రాయి మీద ఒట్టి ఒంటితో కూర్చుని ఒకసారి బుద్ధి తెచ్చుకున్నాను. కాళ్లకు ఉన్ని సాక్సులు, బూట్లు, తలకు టోపీ. మిగతా ఒంటి మీద ఏమీ లేదు. ఆ వేషం చూసి మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వితే నవ్వింది, వేళ్లు మొద్దుబారకుండా ఉన్నాయి.

ఇలా వారానికి మూడు రోజుల చొప్పున రెండు నెలలు గడిచేసరికి 10 డిగ్రీల్లో నలభై నిమిషాలు ఉండగలిగాను, వణుకే లేదు. చలిని జయించాననుకున్నాను. అసలు తప్పు అక్కడే జరిగింది.

ఒకరోజు ఆ ధీమాతోనే చెరువులో దిగాను. నీళ్లలో ఉన్నది మూడు నిమిషాలే. బయటికొచ్చి తువ్వాలు చుట్టుకోకుండా, తడి ఒంటితోనే ఒక పాత స్నేహితుడితో మాటల్లో పడ్డాను. గాలి కొద్దిగా వీస్తోంది. నాకేమీ చలి అనిపించలేదు, నిజంగా. మా ఆవిడ వచ్చి, "ఏమండీ, మీ మాట ముద్దముద్దగా వస్తోంది, ముందు చొక్కా వేసుకోండి" అంది. "నాకేం కాలేదు, నువ్వు ఊరికే కంగారుపడకు" అని విసుక్కున్నాను. చొక్కా వేసుకుంటే గుండీ పట్టడం లేదు. వేళ్లు కనిపిస్తున్నాయి, గుండీ కనిపిస్తోంది, రెండూ కలవడం లేదు. చివరికి ఆవిడే పెట్టింది. చిత్రమేమిటంటే అసలు వణుకు బట్టలు వేసుకున్న తర్వాత మొదలైంది, అరగంట ఆగలేదు. చల్లబడిన చేతులు, కాళ్లు, చర్మం లోపలి వేడిని ఇంకా గుంజుకుంటూనే ఉంటాయి కాబట్టి, చలిలోంచి బయటపడ్డాక కూడా కాసేపు ఒంటి లోపలి వేడి పడిపోతూ ఉంటుందట. 37 దగ్గర ఉండాల్సింది 35 కంటే దిగితే దాన్ని హైపోథర్మియా అంటారు. నేను ఎంతవరకు దిగానో కొలవలేదు గానీ టెన్షన్ మాత్రం రెండు రోజులు వదల్లేదు.

తర్వాత చదివితే తెలిసింది. నాలాంటివాళ్లకు చలి అలవాటు కావడం అంటే ఎక్కువగా జరిగేది, ఒంట్లోని అలారం చప్పుడు తగ్గడం. వేడి పోవడం పెద్దగా తగ్గదు, వణుకు మాత్రం ఆలస్యంగా వస్తుంది. 1958లో షోలాండర్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త బృందం ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. చలి రాత్రుల్లో బట్టల్లేకుండా పడుకునే అలవాటున్న మధ్య ఆస్ట్రేలియా ఆదివాసులు అదే చలిలో హాయిగా నిద్రపోయారు, పక్కన పడుకున్న యూరోపియన్లు రాత్రంతా వణికారు. అయితే ఆదివాసుల చర్మం యూరోపియన్లకంటే ఎక్కువగా చల్లబడింది. వాళ్ల ఒళ్లు ఆ చల్లదనాన్ని భరించడం నేర్చుకుంది. వాళ్లకున్నది పుట్టినప్పటినుంచీ వచ్చిన అలవాటు, పక్కనే నెగడు. నాకున్నది రెండు నెలల అనుభవం, తడి ఒళ్లు.

అందుకని పద్ధతి మార్చాను. ఇప్పుడు చలి వేస్తోందా అని నన్ను నేను అడగను, గడియారం చూస్తాను. పది నిమిషాలకోసారి బొటనవేలు చిటికెనవేలికి తాకిస్తాను, తడబడితే ఆ రోజుకు అంతే. తడిస్తే వెంటనే తుడుచుకుని బట్టలు. లోపలికొచ్చాక దుప్పటి కప్పుకుని వెచ్చగా, తియ్యగా ఏదైనా తాగుతాను. మరుగుతున్న నీళ్ల షవర్ కిందికి ఉరకను, ముడుచుకున్న రక్తనాళాలు ఒక్కసారిగా తెరుచుకుంటే కళ్లు తిరుగుతాయి. మద్యం అసలు ముట్టను, అది చర్మాన్ని వెచ్చగా అనిపించేలా చేసి లోపలి వేడిని బయటికి వదిలేస్తుంది. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా దీని జోలికి రాకపోవడం మంచిది. ఒంటరిగా ఎవరూ వెళ్లొద్దు. ఎందుకంటే చలికి మొదట మొద్దుబారేది వేళ్లే అనుకుంటాం గానీ, దాంతోపాటే బుద్ధి కూడా మొద్దుబారుతుంది. విసుక్కోవడం, వాదించడం కూడా లక్షణాలే. మా ఇంట్లో ఇప్పుడది చట్టం: నేను వాదించడం మొదలుపెడితే టైమ్ అయిపోయినట్టే.

ఆ చలికాలంలో అతి తక్కువ, 6 డిగ్రీలు. ఆకు కదలడం లేదు, గోడ మీద ఎండ మెరుస్తోంది. చర్మమంతా సూదులతో గుచ్చినట్టుంది, అయినా ఎండ తగిలిన చోటల్లా వెచ్చదనం ఎంత స్పష్టంగా తెలిసిందో ఏ ఎండాకాలంలోనూ తెలియలేదు. పదిహేనో నిమిషంలో మా ఆవిడ గడియారం చూపించింది.

"ఇంకో రెండు నిమిషాలు, వేళ్లు బాగానే ఉన్నాయి చూడు" అన్నాను.

చొక్కా వచ్చి మొహానికి తగిలింది.