92 శాతం తరువాత వచ్చిన ప్రశ్న

త్రైమాసిక సమీక్షా సమావేశంలో నేను పన్నెండో స్లైడు వివరిస్తుండగా ఫైనాన్స్ విభాగాధిపతి కళ్లజోడు తీసి బల్లపై పెట్టి, "ఈ 92 శాతం కస్టమర్ల సంఖ్య లెక్కనా, ఆదాయం లెక్కనా?" అని అడిగారు. అది కాంట్రాక్టులు రెన్యువల్ చేసుకున్నవారి శాతం. 50 మందిలో 46 మంది కొనసాగారు. సంఖ్య లెక్కనే అని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. జవాబు ఆలస్యమైతే విషయం తెలియదనుకుంటారన్న కంగారులో నేను, "ఏ లెక్కన చూసినా దాదాపు అంతేనండి" అనేశాను. ఆయన తన ముందున్న కాగితాలు రెండు తిరగేసి, వెళ్లిపోయిన నలుగురిలో ఇద్దరు మన పెద్ద కస్టమర్లే కదా అన్నారు. ఆ నలుగురి వాటా మొత్తం ఆదాయంలో 27 శాతమనీ, ఆదాయం లెక్కన మాకు నిలిచింది 73 శాతమేననీ అక్కడికక్కడే తేలిపోయింది. తరువాతి స్లైడ్లలోని అంకెలన్నీ సరైనవే అయినా, వాటిని ఎవరూ నమ్మినట్టు కనిపించలేదు.

సమయస్ఫూర్తి పుట్టుకతో రావాలేమో, నాకది లేదేమో అని కొన్నాళ్లు బాధపడ్డాను. నెమ్మదిగా ఆలోచిస్తే ఆ రోజు నన్ను దెబ్బతీసింది బుద్ధిమాంద్యం కాదని, మౌనమంటే ఉన్న భయమని అర్థమైంది. పది భాషల సంభాషణలను పోల్చి 2009లో వెలువడిన ఒక పరిశోధనలో, ప్రశ్నకూ జవాబుకూ మధ్య సగటు విరామం సెకనులో ఐదో వంతు మాత్రమేనని తేలింది. మామూలు మాటల్లో అంత వేగానికి అలవాటుపడినవారికి సమావేశంలో మూడు సెకన్లు యుగంలా తోచడంలో వింత లేదు. అందుకే ప్రశ్న వినగానే దాన్ని కాగితంపై రాసుకోవడం మొదలుపెట్టాను. రాసుకుంటున్న మనిషిని ఎవరూ తొందరపెట్టరు. పైగా రాస్తున్నప్పుడే ప్రశ్నలోని కీలకమైన పదం కంటపడుతుంది. ఆ రోజు రాసుకుని ఉంటే "లెక్కనా" అన్న పదం రెండుసార్లు రావడం నా కంటపడేది. "మంచి ప్రశ్న అడిగారు" అంటూ సమయం కొనుక్కునే పద్ధతి మాత్రం నాకు నచ్చదు. అది నీళ్లు నమలడమేనని వినేవారందరికీ తెలుసు.

అభ్యాసం కోసం, నలుగురిలో మాట్లాడడం సాధన చేయించే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బు సభలకు కూడా వెళ్లాను. అక్కడి టేబుల్ టాపిక్స్ విభాగంలో అప్పటికప్పుడు ఇచ్చిన అంశంపై ఒకటి నుంచి రెండు నిమిషాలు మాట్లాడాలి. గొంతు వణకడం తగ్గింది, వాక్యాన్ని మొదలుపెట్టిన చోటి నుంచి ముగింపు దాకా తీసుకువెళ్లడం వచ్చింది. అయితే అక్కడ విషయం తెలియకపోయినా ధారాళంగా మాట్లాడవచ్చు. నాకున్న జబ్బే అది కాబట్టి, ఆ మందును మోతాదు చూసుకుని వాడవలసి వచ్చింది.

నాకు అన్నిటికన్నా పనికివచ్చింది సమావేశానికి ముందురోజు చేసే ఒక చిన్న పని. స్లైడ్లలోని ప్రతి అంకె పక్కనా దేన్ని దేనితో భాగిస్తే వచ్చింది, ఏ తేదీ వరకు లెక్కించినది, ఎవరు ఇచ్చినది అన్న మూడు వివరాలు పెన్సిలుతో రాసుకుంటాను. ఊహించని ప్రశ్నలనుకున్నవాటిలో చాలా భాగం ఈ మూడింటిలో ఏదో ఒకదాని గురించే ఉంటాయని, అవి నాకు ఊహించనివైంది నేను ఊహించే ప్రయత్నం చేయకపోవడం వల్లనేనని రెండు మూడు సమావేశాల తరువాత ఒప్పుకోక తప్పలేదు.

అన్నీ ఇలా చిక్కుతాయని కాదు. తరువాతి ఏడాది కొత్త ఉత్పత్తి గురించి చెబుతుండగా, "ఈ విడిభాగం ఇచ్చే సప్లయర్ రేపు చేతులెత్తేస్తే ఏం చేస్తారు?" అని అదే అధికారి అడిగారు. నా కాగితాల్లో దానికి జవాబు లేదు. ప్రశ్న రాసుకుని, ఆయన అడుగుతున్నది ఎన్నాళ్లు నడపగలమన్న సంగతా, వేరే సప్లయర్ ఉన్నారా అన్న సంగతా అని అడిగాను. మొదటిదే అన్నారు. గోదాములో 1,800 భాగాలున్నాయి, రోజుకు 60 వాడుతున్నాం, కాబట్టి 30 రోజులు నడుస్తుంది. రెండో సప్లయర్ నుంచి సరుకు రావడానికి 45 రోజులు పడుతుందని నా అంచనా, అంటే 15 రోజులు పని ఆగుతుంది అని కాగితంపై లెక్క వేస్తూనే చెప్పాను. నిల్వ, వాడకం ఖాయమైన అంకెలనీ, 45 మాత్రం అంచనా అనీ, సరిచూసి మరునాడు ఉదయం పది గంటలలోపు పంపుతాననీ విడదీసి చెప్పాను. ఆయన తలూపి తరువాతి స్లైడుకు వెళ్లమన్నారు.

సాయంత్రం ఆ సప్లయర్‌తో మాట్లాడితే 45 కాదు, 52 రోజులని తేలింది. పని ఆగేది 15 రోజులు కాదు, 22 రోజులని సరిదిద్ది, పది కాకముందే పంపాను. అరగంటలో ఆయన నుంచి మరో ప్రశ్న వచ్చింది. దాని జవాబు కూడగట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది.