హిస్టరీ ఆప్షనల్: రాజు, సభ, మధ్యలో పన్ను

సివిల్స్ హిస్టరీ ఆప్షనల్‌లో వరల్డ్ హిస్టరీ మొదలుపెట్టగానే మనలో చాలామంది నేరుగా ఫ్రెంచ్ విప్లవం తెరుస్తాం. సిలబస్‌లో ‘యూరోపియన్ రాజ్య వ్యవస్థ’ అని ఒక్క ముక్కే ఉంటుంది కాబట్టి దాన్ని దాటేయొచ్చు అనిపిస్తుంది. దయచేసి దాటేయకండి. నాకు ఎక్కువ ఉపయోగపడింది 1789కి ముందున్న ఆ రెండొందల ఏళ్లే.

నోట్స్ రాజుల పేర్లతో రాసుకోలేదు. ప్రతి దేశానికీ ఒకే ప్రశ్న వేసుకున్నాను: యుద్ధం వస్తే రాజు డబ్బు కోసం ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ఇంగ్లండ్‌తో మొదలుపెట్టండి, దీనికి కాస్త ఎక్కువ టైమ్ ఇవ్వండి. మొదటి చార్లెస్ 1625లో రాజయ్యాడు. పార్లమెంటు ఒప్పుకోకుండా పన్ను వేయకూడదని 1628లో పిటిషన్ ఆఫ్ రైట్ పెట్టి ఒప్పించారు. మరుసటి ఏడాదే ఆయన సభను రద్దు చేసి, 11 ఏళ్లు అది లేకుండానే పాలించాడు. మరి డబ్బు? నౌకాదళం కోసం తీరప్రాంతాలు కట్టే షిప్ మనీని 1635 నుంచి లోపలి జిల్లాలకూ వేశాడు. జాన్ హాంప్‌డెన్ కట్టనన్నాడు. 12 మంది జడ్జీల్లో ఏడుగురు రాజువైపు తీర్పిచ్చారు, ఐదుగురు హాంప్‌డెన్ వైపు నిలిచారు. కేసు రాజే గెలిచాడు, అయినా ఆ పన్నుపై వ్యతిరేకత చల్లారలేదు. ఇంతలో కొత్త ప్రార్థనా పుస్తకం రుద్దాడని స్కాట్లండ్ తిరగబడింది. శాంతి ఉన్నన్నాళ్లూ సభ లేకుండా గడిచిపోయింది కానీ, సైన్యాన్ని పోషించాల్సి వచ్చేసరికి 1640లో పార్లమెంటును పిలవక తప్పలేదు. 1642లో అంతర్యుద్ధం, 1649లో రాజుకు మరణశిక్ష. ఈ వరుస అర్థమైతే తేదీలు బట్టీ పట్టే టెన్షన్ ఉండదు.

ఇంగ్లండ్ పార్లమెంటు చేసిన 1689 బిల్ ఆఫ్ రైట్స్‌ను పాలిటీతో కలిపి చదవండి. పార్లమెంటు అనుమతి లేని పన్ను చట్టవిరుద్ధం అని అందులో ఉంది. చట్టం అధికారం లేకుండా పన్ను వేయకూడదనే మన రాజ్యాంగంలోని 265వ అధికరణలోనూ అదే సూత్రం కనిపిస్తుంది.

ఫ్రాన్స్‌లో కథ వేరు. 15వ శతాబ్దం నాటికే అక్కడి రాజు తాయ్ అనే పన్నును ప్రతిసారీ ఎస్టేట్స్ జనరల్‌ను (మతాధికారులు, ప్రభువులు, సామాన్యుల ప్రతినిధుల సభను) అడగకుండా వసూలు చేసుకోగలిగాడు. ప్రభువులకు చాలావరకు మినహాయింపు ఉండేది, కాబట్టి దాని కోసం పోరాడాల్సిన అవసరం వాళ్లకు పెద్దగా రాలేదు. 1614లో సమావేశమైన సభ మళ్లీ కూడింది 1789లోనే. అలాగని నిరంకుశత్వం అంటే రాజు అనుకున్నదల్లా జరిగిందని రాయకండి. బ్రిటనీ, లాంగ్‌డాక్ లాంటి చోట్ల ప్రాంతీయ సభలు చివరిదాకా పన్నుల మీద బేరమాడుతూనే ఉన్నాయి. పారిస్ పార్లమాను మాత్రం వీటితో కలపొద్దు, అది న్యాయస్థానం.

నాకు బాగా నచ్చే పాయింట్ ఇక్కడే ఉంది. 1694లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వచ్చింది. అప్పుకు పార్లమెంటు ఆమోదించిన పన్నులే హామీ కాబట్టి జనం నమ్మి అప్పిచ్చారు. సభకు లోబడిన రాజుకు అప్పు సులభంగా పుట్టింది, ఎవరికీ లోబడనన్న ఫ్రెంచ్ రాజ్యం 1788లో చెల్లింపులు ఆపే స్థితికి వచ్చింది. 1789 మీద ఏ ప్రశ్న వచ్చినా ఈ పోలికతో ఇంట్రో రాస్తే ఆన్సర్‌కు బలం వస్తుంది.

స్పెయిన్‌కు ఒక పేరా చాలు. అక్కడి ప్రధాన రాజ్యమైన కాస్టీల్‌లోని నగరాలు 1520లో రాజుపై తిరగబడ్డాయి, 1521లో విల్లలార్ దగ్గర ఓడిపోయాయి. 1538 తర్వాత ప్రభువులనూ మతాధికారులనూ కోర్టెస్‌కు, అంటే అక్కడి ప్రతినిధుల సభకు, పిలవడం మానేశారు. ఇక మిగిలింది 18 నగరాల ప్రతినిధులే. అమెరికా వెండి కూడా రాజుకు కలిసొచ్చింది.

పోలండ్‌ను మాత్రం వదలొద్దు, ఎందుకంటే అక్కడ సభే గెలిచింది. 1652 నుంచి ఒక్క సభ్యుడు కాదన్నా సమావేశం ఆగిపోయే పరిస్థితి వచ్చింది. సైన్యానికి సరిపడా పన్ను వేయడం కష్టమైపోయింది. 1772, 1793, 1795లో పొరుగు రాజ్యాలు దేశాన్ని పంచేసుకున్నాయి. సభ బలంగా ఉంటే చాలు, రాజ్యం బాగుంటుందని రాసేవాళ్లకు ఈ ఉదాహరణే జవాబు.

ఇది చదివాక పుస్తకం మూసేసి ఒక ఆన్సర్ రాయండి: ‘ఇంగ్లండ్‌లో పార్లమెంటు నిలిచి, ఫ్రాన్స్‌లో ఎస్టేట్స్ జనరల్ ఎందుకు నిలవలేకపోయింది?’ 200 పదాలు. పోలండ్‌కు కనీసం రెండు వాక్యాలు ఇవ్వండి.