నీళ్ళు తాగే యంత్రం, నీళ్ళు తీసే యంత్రం

కరీంనగర్‌లో కాపురమున్న తొమ్మిదేళ్ళూ మా ముందుగది కిటికీకి ఒక పెద్ద కూలర్ ఉండేది. మే నెల మధ్యాహ్నం వడగాడ్పు వీస్తున్నప్పుడు తొట్టిలో నీళ్ళు నింపి, మూడు వైపులా ఉన్న గడ్డి బాగా తడిసేదాకా పంపు ఆడించి, ఆ తరువాత ఫ్యాను వేస్తే పావుగంటలో గది చల్లబడేది. ఉద్యోగరీత్యా కాకినాడకు మారినప్పుడు దానిని కూడా లారీలో వేసుకొని వచ్చాము. ఇక్కడ మొదటి వేసవిలోనే దుప్పట్లు చెమ్మగిల్లడం, ఉప్పు డబ్బాలో నీరు చేరడం, మా అమ్మాయి మెడ మీద చెమటకాయలు తగ్గకపోవడం చూసి, కూలర్ పాడయిందనుకొని మెకానిక్కును పిలిపించాను. అతను గడ్డినీ పంపునూ పరిశీలించి, "యంత్రంలో లోపమేమీ లేదండి, గాలిలోనే చోటు లేదు" అన్నాడు.

ఆ మాట ఎంత సరైనదో తరువాత తెలిసింది. నీరు ఆవిరి కావడానికి వేడి కావాలి. ఒక లీటరు నీరు ఆవిరయ్యేటప్పుడు సుమారు 24 లక్షల జౌళ్ళ వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచే లాక్కుంటుంది. కూలర్ పనితనమంతా ఇంతే, మన పెద్దలు గుమ్మాలకు కట్టి నీళ్ళు చల్లిన వట్టివేళ్ళ తడికలదీ ఇదే సూత్రం. అయితే గాలి ఎంత పొడిగా ఉంటే అంత నీటిని తాగుతుంది. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి ఫ్యానుకు ఎదురుగా పెడితే, అది ఎక్కడిదాకా దిగి ఆగుతుందో కూలర్ గాలి కూడా అంతకన్నా చల్లబడదు. 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే, అంటే ఆ వేడిలో గాలి పట్టగలిగే నీటిలో అయిదో వంతే, ఉన్నప్పుడు అది 24 దాపులకు దిగుతుంది. 36 డిగ్రీలే ఉన్నా తేమ 65 శాతం ఉంటే 30 దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఎండ తక్కువైన కాకినాడలో మాకు ఉక్కపోత ఎక్కువైంది. కిటికీలన్నీ మూసి కూలర్ నడపడం వల్ల తేమ గదిలోనే పేరుకుపోయింది. అది పూర్తిగా నా తప్పే.

ఏసీ చేసే పని వేరు. అది చల్లదనాన్ని పుట్టించదు. లోపలి తీగచుట్టలో మరిగే రసాయనం గదిలోని వేడిని పీల్చుకొని, బయటి యూనిట్ దగ్గర వదిలిపెడుతుంది. ఆ చల్లని చుట్టకు తగిలిన గాలిలోని తేమ, మంచినీళ్ళ చెంబు మీద పట్టినట్లు చుక్కలు కట్టి పైపు గుండా కారిపోతుంది. కరీంనగర్‌లో నేను రోజూ నీళ్ళు మోసి పోసేవాడిని; ఇక్కడ పైపు కింద పెట్టిన బకెట్ తెల్లవారేసరికి నిండుతోంది.

ఏసీ కొనేటప్పుడు ఎక్కువ టన్నులైతే మంచిదని అందరూ చెప్పారు. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల (బీటీయూ వేడిని కొలిచే ఒక ప్రమాణం) వేడిని తోడే శక్తి. చిన్న గదికి పెద్ద యంత్రం పెడితే, అది నాలుగు నిమిషాల్లో గదిని చల్లబరిచి ఆగిపోతుంది, తేమను తీయడానికి దానికి వ్యవధి చాలదు. చలివేస్తూనే ఒళ్ళు జిడ్డుగా ఉంటుంది. తీరప్రాంతంలో గదికి సరిపడే టన్నుల ఇన్వర్టర్ ఏసీ (అవసరాన్ని బట్టి వేగం తగ్గించుకొనేది) నిదానంగా, ఆగకుండా తిరగడమే మేలని నా అనుభవం. వానాకాలంలో వేడి కన్నా తేమే బాధ పెడుతుంది కనుక అప్పుడు ఏసీలో ముఖ్యంగా తేమను తీసే డ్రై మోడ్ చాలు.

షికాగోలో ఉన్న మా చెల్లెలిది దీనికి పూర్తిగా ఎదురు సమస్య. వాళ్ళ ఇంటి నేలమాళిగలో గ్యాసు ఫర్నేసు ఉంది. అది వేడిచేసిన గాలి గొట్టాల ద్వారా గదులన్నిటికీ చేరుతుంది. సున్నాకు పది డిగ్రీలు దిగువన ఉన్న గాలిని 21 డిగ్రీలకు వేడిచేస్తే దాని తేమ 10 శాతం దాపులకు పడిపోతుంది కాబట్టి, పెదవులు పగిలి, పిల్లవాడి ముక్కు నుంచి రక్తం వస్తోందని, ఫర్నేసుకు తేమనిచ్చే పరికరం అమర్చుకున్నారు. అంత చలిలేని చోట్ల హీట్ పంపు నయం. అది వెనక్కి తిప్పిన ఏసీ వంటిది, బయటి గాలిలోని వేడిని లోపలికి తోడుతుంది కనుక మామూలు కరెంటు హీటరు కన్నా రెండు మూడు రెట్లు పొదుపు.

మా కూలర్‌ను నిరుడు మళ్ళీ లారీ ఎక్కించి కరీంనగర్‌లో మా అత్తగారింటికి పంపాము. గడ్డి మార్పించారు, కిటికీకి ఎదురు తలుపు తెరిచి నడుపుతున్నారు. సాయంత్రానికల్లా తొట్టి ఖాళీ అవుతోందట.