అవ్వకు దుబాసీగా మా అమ్మాయి: పెరూ కబుర్లు

పిల్లలకు తెలుగు నిలవాలంటే ఆ తెలుగుతో ఎవరికో ఒకరికి నిజంగా పని పడాలి. ఈ మాట నేను చాలా ఏళ్ళుగా అనుకుంటున్నదే, ఈ జూన్‌లో పెరూలో కళ్ళారా చూశాక రాయాలనిపించింది. మేముండేది డాలస్ దగ్గర. మా పెద్దమ్మాయికి పదమూడేళ్ళు. తెలుగు బాగానే అర్థమవుతుంది, అడిగితే రెండు ముక్కల్లో జవాబు చెప్తుంది, మూడో ముక్కకు ఇంగ్లీషులోకి వెళ్ళిపోతుంది. ఇంట్లో అందరికీ ఇంగ్లీషు వచ్చినప్పుడు తను కష్టపడి తెలుగు ఎందుకు వెతుక్కోవాలి, దాని లెక్క దానికి ఉంది. చిన్నోడికి ఎనిమిదేళ్ళు, వాడూ అక్క దారే. మా అత్తమ్మ అనంతపురం జిల్లా నుంచి వచ్చి మా దగ్గర ఉంది కాబట్టి ఈసారి అందరం కలిసి వెళ్దామని మా ఆయన పట్టుబట్టారు. అత్తమ్మ మొదట ఒప్పుకోలేదు. "రాళ్ళ గుళ్ళు చూడనీకి అంత దూరం ఎందుకు, మనకు లేపాక్షి లేదా" అంది. ఆలుగడ్డ పుట్టిన దేశం అత్తమ్మా, అక్కడి సేద్యం చూద్దురు గాని అంటే అప్పుడు కదిలింది.

డెబ్బై దాటిన మనిషిని అంత ఎత్తుకు తీసుకెళ్తారా అని తెలిసినవాళ్ళంతా టెన్షన్ పెట్టారు. అది ఊరికే భయపెట్టడం కాదు, విమానం దిగే కుస్కో నగరం 3,400 మీటర్ల ఎత్తులో ఉంది, విమానం దిగిన కాసేపటికే తలనొప్పి, ఆయాసం వచ్చేవాళ్ళు చాలామంది. మేం ముందే డాక్టర్‌ను కలిసి, బీపీ మందుల సంగతి మాట్లాడుకుని, కుస్కోలో ఆగకుండా ఎయిర్‌పోర్టు నుంచే వ్యాన్‌లో ఉరుబాంబా లోయలోకి దిగిపోయాం. ఆ లోయలోని ఓయాంతాయ్‌తాంబో ఊరు 2,800 మీటర్లు, స్పెయిన్ వాళ్ళు రాకముందు ఆ దేశాన్ని ఏలిన ఇంకాల కొండ పట్టణం మాచు పిచ్చు అంతకన్నా కింద, 2,430. కుస్కో చూడటం చివరికి పెట్టుకుంటే అప్పటికి ఒళ్ళు అలవాటు పడుతుంది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఇలాగే వెళ్ళాలని నేను గట్టిగా చెప్తాను. ఇంకో మాట, అక్కడ హోటళ్ళలో కోకా ఆకుల టీ మంచినీళ్ళలా ఇస్తారు, అక్కడ అది మామూలే, కానీ ఆ ఆకులైనా టీ పొట్లాలైనా అమెరికాకు తేవడం చట్టరీత్యా నేరం. పిల్లలకు మేం మున్యా అనే ఆకు వేసిన టీ ఇప్పించాం, పుదీనా వాసన వస్తుంది.

ఓయాంతాయ్‌తాంబోను శిథిలాలు అనడానికి నాకు నోరు రాదు. ఇంకాలు వేసిన వీధులే, వాళ్ళు కట్టిన గోడలే, వాటి మీదే ఇప్పటికీ జనం కాపురాలు చేస్తున్నారు. వీధి పక్కన రాతి కాలువలో కొండ నీళ్ళు గలగలా పోతూనే ఉంటాయి. మేమంతా పైనున్న సూర్యుడి గుడి వైపు చూస్తుంటే అత్తమ్మ ఆ కాలువ దగ్గర ఆగిపోయింది. "ఈ నీళ్ళు యాడ్నించి వస్తాండాయో అడుగు పాపా" అంది. పాప స్కూల్లో స్పానిష్ చదువుతోంది. ఎదురు కొట్లో కూర్చున్న ఆవిణ్ణి అడిగింది. పై కొండల్లో మంచు, ఊటలు అని జవాబు. "పూడిక ఎవరు తీస్తారంట?" మళ్ళీ అడిగింది. ఏడాదికోసారి ఊరంతా కలిసి తీస్తారు, ఆ రోజు వంటలు, పాటలు కూడా ఉంటాయట. అత్తమ్మ మొహం వెలిగింది. చెరువు కాలువకు ఊరు ఊరంతా పారలు పట్టుకుని వెళ్ళిన రోజుల గురించి అక్కడే నిలబడి పాపకు చెప్పింది, పాప దాన్ని కొట్లో ఆవిడకు చెప్పింది. అసలు కథ ఇక్కడ మొదలైంది.

చిన్నోడికి మాత్రం యుద్ధం కావాలి. 1537లో ఇంకాల రాజు మాంకో ఇక్కడే స్పెయిన్ గుర్రపు దండు మీదికి కాలువల నీళ్ళు వదిలి మైదానాన్ని బురద చేసి వెనక్కి కొట్టాడని విన్న దగ్గర్నుంచి వాడు ఆ మెట్లు మెట్లుగా ఉన్న పొలాల మీద పైకీ కిందికీ ఒకటే పరుగు. గుడి దగ్గరి ఆరు పెద్ద గులాబీరంగు రాళ్ళు నదికి అవతలి కొండ మీది గని నుంచి తెచ్చినవి. తెస్తూ తెస్తూ మధ్యలో వదిలేసినవి ఇంకా దారిలోనే పడి ఉన్నాయి, వాటిని అక్కడివాళ్ళు అలిసిపోయిన రాళ్ళు అంటారు. చక్రం లేకుండా, ఇనుము లేకుండా అవి ఇవతలికెలా వచ్చాయని వాడు అడిగిన ప్రశ్నలకు మా ఆయన తాళ్ళు, ఏటవాలు దారులు, వేలమంది మనుషులు అంటూ ఓపిగ్గా చెప్పుకుంటూ పోయారు.

ఎదురుగా నిటారుగా ఉన్న కొండ పక్కన కట్టిన గిడ్డంగులు చూసి అత్తమ్మ ఇంకో ప్రశ్న వేసింది, గాదెలు ఊళ్ళో పెట్టుకోకుండా అంత పైన ఎందుకు కట్టుకున్నారని. చల్లగాలి ఎప్పుడూ ఆడుతుంటే గింజ చెడిపోదని, అందుకే కిటికీలు కూడా గాలివాటం చూసి పెట్టారని గైడు చెప్పాడు. వాటిలో మొక్కజొన్న ఒక్కటే కాదు, చునో కూడా నిల్వ ఉండేది. మర్నాడు సంతలో చునో దొరికింది. నల్లగా ముడుచుకుపోయి, చేతిలో పెట్టుకుంటే బరువే లేని ఆలుగడ్డ. జూన్, జూలైల్లో పై కొండల మీద రాత్రుళ్ళు గడ్డకట్టే చలి. ఆలుగడ్డలు ఆరుబయట పరిచి మంచుకు గడ్డకట్టిస్తారు, పగలు కరిగాక కాళ్ళతో తొక్కి నీళ్ళు పిండేస్తారు, మళ్ళీ ఎండబెడతారు. ఏళ్ళ తరబడి నిల్వ. పంట పోయిన ఏడాదికి అదే ఆధారం. అత్తమ్మ ఒకటి విరిచి వాసన చూసి, ఎన్ని రోజులు తొక్కాలి, పురుగు పడుతుందా, వండేముందు ఎంతసేపు నానబెట్టాలి, వరసగా అడుగుతూనే ఉంది. పాప ఇటు తెలుగు వింటూ అటు స్పానిష్ చెప్తూ మధ్యలో ఒక్క ముక్క ఇంగ్లీషు రాకుండా నిలబడింది. నేనేమీ అనలేదు. పొగిడితే ఆగిపోతుందని నా భయం.

ఆ ఊరి పైన కొండల్లో ఇంకాల నాటి కెచువా భాష మాట్లాడే ఒక కుటుంబం ఇంట్లో మాకు భోజనం ఏర్పాటైంది. పచామాంకా పెట్టారు. గుంత తవ్వి, రాళ్ళు నిప్పుల్లో ఎర్రగా కాల్చి, వాటి మధ్య రకరకాల ఆలుగడ్డలు, ఓకా అనే దుంప, చిలగడదుంప, వాకతాయ్ ఆకు ముద్ద పట్టించిన పొట్టేలు మాంసం, కోడి, పైన కాయలతోనే పెద్ద చిక్కుళ్ళు, వాటి మీద గడ్డి, గుడ్డ, ఆఖరికి మట్టి కప్పేస్తారు. కప్పేముందు ఇంటాయన మూడు కోకా ఆకులు భూమాతకు పెట్టి, మొక్కజొన్న కల్లు కాస్త నేల మీద పోశాడు. అత్తమ్మ చెప్పకుండానే చేతులు జోడించింది, ఏరువాక నాడు నాగలికి మొక్కే మనిషికి ఇంకొకరు చెప్పాలా. మట్టి తీసినప్పుడు లేచిన ఆవిరిలో ఆ ఆకు వాసన, తడి మట్టి వాసన, కాలిన ఆలుగడ్డ తొక్క వాసన అన్నీ కలిసి వచ్చాయి. మాంసం తినని స్నేహితులు నన్ను అడుగుతుంటారు కాబట్టి చెప్తున్నా, అక్కడ వాళ్ళకూ లోటు లేదు. పెద్ద గింజల మొక్కజొన్న కండె, పక్కన జున్నులాంటి తెల్ల చీజ్, కీన్వా చారు, చిక్కుళ్ళూ పాలూ చీజ్ వేసి వండే కాప్చి, ముందే చెప్తే ఎక్కడైనా చేసిపెడతారు. కివిచా ఉండలు మా చిన్నోడికి ప్రాణం. కివిచా అంటే మన తోటకూర జాతి గింజే, పేలాలు వేయించి పాకం పట్టి ఇస్తారు.

కూయ్ దగ్గర మాత్రం గొడవైంది. అది గినీ పిగ్. మా చిన్నోడి క్లాసులో ఒకటి ఉంది, సెలవుల్లో పిల్లలు వంతులేసుకుని ఇంటికి తెచ్చుకుంటారు. ఆ ఇంటి వంటగదిలో పొయ్యి పక్కన అవి పది పదిహేను తిరుగుతుంటే వాడు కింద కూర్చుని గడ్డి పెట్టాడు, తర్వాత అవి పండగలకు వండుకునేవని తెలిసి ఏడ్చేశాడు. వాణ్ణి అత్తమ్మే దగ్గరికి తీసుకుంది. "మనింట్లో నాటుకోళ్ళు లేవా నాయనా, వాటికి మీ తాత పేర్లు పెట్టి పిలిచేటోడు, చుట్టాలొస్తే కోసేటోళ్ళం. నీకొద్దంటే తినాకు, వాళ్ళను మాత్రం తప్పు పట్టాకు" అంది. వాడు తినలేదు, తప్పూ పట్టలేదు. నేను చెప్పి ఉంటే ఇంత తేలిగ్గా తెగేది కాదు.

అత్తమ్మ వంటగదిలోకి వెళ్ళింది. అక్కడ బతాన్ ఉంది, అంటే పెద్ద బల్లపరుపు రాయి, దాని మీద అర్ధచంద్రంలా ఉండే బరువైన రాయిని రెండు చేతులతో అటూ ఇటూ ఊపుతూ నూరతారు. ఇంటావిడ రొకోతో మిరపకాయ చీల్చింది. చూడటానికి చిన్న టమాటాలా ఉంటుంది, లోపల గింజలు నల్లగా ఉంటాయి, మన మిరపలో ఎక్కడా చూడని నలుపు. వేయించిన శెనక్కాయలు, వాకతాయ్, ఉప్పు వేసి నూరడం మొదలుపెట్టగానే అత్తమ్మ ఆ రాయి అడిగి తీసుకుంది. మా సీమలో ఊరిబిండి నూరిన చేతులవి. మొదట రాయి ఊపడం కుదరలేదు, ఇంటావిడ వెనక నుంచి చూపించింది, రెండు నిమిషాల్లో పట్టేసింది. అప్పుడు పాప తను చదివింది అవ్వకు చెప్పింది: శెనక్కాయ పుట్టిందే దక్షిణ అమెరికాలో, మిరపదీ ఆ పక్కే, ఓడలెక్కి మన దగ్గరికి వచ్చాయి, పెరూ ఉత్తరాన సిపాన్‌లో 1987లో ఒక మోచే రాజు సమాధి బయటపడింది, ఇంకాల కంటే దాదాపు వెయ్యేళ్ళ ముందటిది, ఆ రాజు మెడలో బంగారు, వెండి శెనక్కాయల హారం ఉంది. "రాజు మెడలో శెనక్కాయల దండనా!" అని అత్తమ్మ నూరడం ఆపేసింది. జీవితమంతా ఆ పంటతోనే గడిపిన మనిషి ఆ మాటను ఆ రోజంతా తలుచుకుంటూనే ఉంది.

ఆ తర్వాత ఇంటావిడ తిరిగి ఒక ప్రశ్న అడిగింది. మీ పొలానికి నీళ్ళు ఎక్కడివి అని. అత్తమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే వాన, ఎండిపోయిన చెరువు, ఒకటి తర్వాత ఒకటి వేయించిన బోర్లు, చివరికి పుస్తెలతాడు కుదువ పెట్టి వేయించిన బోరులో కూడా నీళ్ళకు బదులు దుమ్ము లేచిన రోజు. ఈ ఇంటికి కోడలినై ఇన్నేళ్ళయినా పుస్తెలతాడు సంగతి నేను వినలేదు. మా ఆయనకు తెలుసేమో అని చూశాను, ఆయనా కొత్తగా వింటున్నట్టే ఉన్నారు. పాప మధ్యలో ఆపి ఆపి అడిగింది, బోరు ఎంత వెడల్పు అవ్వా, దుమ్ము పైకెట్లా వస్తుంది, తాడు మళ్ళీ విడిపించుకున్నారా. అర్థం కాకపోతే చెప్పలేదు కదా, అందుకని ప్రతి మాటా విడదీసి అడిగింది. అవ్వా ఓపిగ్గా చెప్పింది. తాడు విడిపించలేదట.

ఇంటావిడ తమ సంగతి చెప్పింది. ఎదుటి కొండ మీద మంచు చిన్నప్పుడు చూసినంత లేదు, వాళ్ళమ్మ ఆలుగడ్డ వేసిన చోట ఇప్పుడు వేడికి తెగులు వస్తోంది, ఇంకా పైకెక్కి వేసుకుంటున్నారు. పెరూలో హిమానీనదాలు గత అరవై ఏళ్ళలో సగానికి పైగా కరిగిపోయాయని మేం చదివిన లెక్క ఆవిడ పెరట్లో నిలబడితే కనిపిస్తుంది. ఆవిడకు స్పానిష్ స్కూల్లో నేర్చుకున్న భాషే, ఇంట్లో అంతా కెచువా. మా పాపకూ అది స్కూలు భాషే. ఇద్దరూ మెల్లగా, తప్పులతో మాట్లాడుకున్నారు కాబట్టే ఒకరికొకరు అందారనుకుంటాను. కుస్కోలో కాలేజీ చదివే తన కూతురికి ఫోన్ చేసి కెచువాలో అడిగితే ఆ అమ్మాయి స్పానిష్‌లో జవాబిస్తుందని ఆవిడ చెప్పినప్పుడు పాప నా వైపు తిరిగి చూసింది. పెరూలో కెచువా 1975 నుంచి అధికార భాష, 2017 జనాభా లెక్కల్లో 38 లక్షల మంది దాకా అది మాతృభాష అని రాయించుకున్నారు, అయినా పట్నం చేరిన పిల్లల నోట అది వెనక్కి పోతోంది. సముద్రాలు దాటి వచ్చిన మనకే ఈ బాధ అనుకుంటాం, సొంత కొండ దిగి బస్సెక్కి నాలుగు మలుపులు తిరిగిన ఇంట్లో కూడా ఇదే.

మాచు పిచ్చు గురించి ఇప్పటికే చాలామంది రాశారు. ఏడాదికి 2,000 మిల్లీమీటర్ల వాన పడే చోట ఆ మెట్ల పొలాలు ఐదొందల ఏళ్ళకు పైగా జారిపోకుండా ఉన్నాయంటే అడుగున పెద్ద రాళ్ళు, పైన కంకర, ఇసుక, ఆపైన మన్ను పరిచి నీరు ఇంకే దారి చేశారు కాబట్టే. వరసగా 16 జలధారలు, ఇప్పటికీ కొన్ని పారుతున్నాయి. అత్తమ్మ అంతా ఎక్కలేదు, కింది దారిలో ఆ ధారల పక్కన కూర్చుని చూసింది. 1911లో హైరమ్ బింగమ్ అనే అమెరికన్ మాచు పిచ్చును కనిపెట్టాడని రాసి ఉన్న పుస్తకం చూసి పాపకు కోపం వచ్చింది, ఆయన వచ్చేసరికే రైతు కుటుంబాలు ఆ మెట్ల మీద పంట వేసుకుంటున్నాయి కదా అని. ఆ కోపం నాకు నచ్చింది.

తెలుగు బడి మాన్పించమంటున్నానని ఎవరూ అనుకోవద్దు. అక్షరాలు, వాక్యాలు వచ్చేది అక్కడే, మేమూ ఆదివారం ఆదివారం పంపుతూనే ఉన్నాం. నేననేది ఆ తెలుగు వాడాల్సిన అవసరం కూడా వాళ్ళకు కల్పించాలని, ఇంగ్లీషు రాని ఒక పెద్దమనిషికి పిల్లల్ని తోడుగా అప్పజెప్పాలని. ఇంటికొచ్చాక పాప, అవ్వ కలిసి వంటింట్లో మిక్సీ పక్కన పెట్టి చిన్న రోట్లో నూరుతున్నారు, రొకోతో ఇక్కడ దొరకలేదు, ఎండుమిరపతోనే. అవ్వ సెప్టెంబరులో వెళ్ళిపోతుంది. మేం డిసెంబరు సెలవులకు అనంతపురం టికెట్లు తీసుకున్నాం. శెనక్కాయ పీకడం చూడాలంటే అక్టోబరు, నవంబరుల్లో రావాలంట, స్కూలు కుదరదు. చేన్లో సాళ్ళుగా వేసిన కంది అప్పటికి ఇంకా నిలబడి ఉంటాదని అవ్వ చెప్పింది కాబట్టి ఆ కోతకైనా అందుకుంటాం.