గ్యాస్ అయిపోదు, కారిపోతుంది

ఏసీ సరిగ్గా చల్లబరచడం లేదని పిలిచేవాళ్లలో సగం మంది రోగం కూడా వాళ్లే చెప్పేస్తారు: "గ్యాస్ అయిపోయినట్టుంది, నింపి వెళ్లండి." ఏసీలో గ్యాస్ అయిపోదు. అక్కడ దాన్ని మండించేది ఏదీ లేదు. మూసి ఉన్న రాగి గొట్టాల్లో అది గది లోపల ఆవిరై వేడిని పీల్చుకుంటుంది, బయట ద్రవంగా మారి ఆ వేడిని వదిలేస్తుంది, మళ్లీ లోపలికి వస్తుంది. కొన్నప్పుడు ఎంత ఉందో పదేళ్ల తర్వాత కూడా అంతే ఉండాలి. తగ్గిందంటే కారిపోయిందన్నమాటే. కారిపోయి ఎక్కడికి వెళ్లిందని మాత్రం ఎవరూ అడగరు. నేను ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్‌ని. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే వాతావరణ మార్పు గురించి చదవడం మొదలుపెట్టాను.

ముందు అసలు విషయం. గాలిలో దాదాపు 99 శాతం నైట్రోజన్, ఆక్సిజన్. భూమి నుంచి పైకి వెళ్లే వేడిని ఆపడంలో ఈ రెండింటి పాత్ర లేనట్టే. ఎండకు వేడెక్కిన నేల ఆ వేడిని పరారుణ కిరణాలుగా తిరిగి పంపుతుంది. నైట్రోజన్, ఆక్సిజన్‌లలాగా ఒకేరకం పరమాణువులు రెండే కలిసిన అణువుకు ఆ కిరణాలను పట్టుకోవడం చేతకాదు. కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, మీథేన్ వంటివి పట్టుకుంటాయి. వాటి అణువులు కంపించే తీరు ఆ కిరణాలతో సరిపోతుంది మరి. పట్టుకున్న వేడిలో కొంత మళ్లీ కిందికి వస్తుంది. ఈ వాయువులే లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండేది. ఉన్నాయి కాబట్టి 15 డిగ్రీల దగ్గర ఉంది. అంటే వీటితో అసలు పేచీ లేదు, పేచీ అంతా మోతాదుతోనే.

ఇది కొత్తగా పుట్టిన భయమేమీ కాదు. 1856లోనే యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ గాజు గొట్టాల్లో రకరకాల వాయువులు నింపి, థర్మామీటర్లు పెట్టి ఎండలో ఉంచింది. కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం అన్నిటికంటే ఎక్కువ వేడెక్కింది, చల్లారడానికీ ఎక్కువ సేపు పట్టింది. పరారుణ కిరణాల సంగతి వేరుగా కొలిచి చూపింది 1859లో జాన్ టిండాల్. 1896లో స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే ఎంత వేడి పెరుగుతుందో కాగితం మీద లెక్కకట్టాడు. ఆయనకు 5, 6 డిగ్రీలు వచ్చింది. ఇప్పటి అంచనా దాదాపు 3. కంప్యూటర్ లేని కాలంలో అంత దగ్గరికి రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

హవాయిలోని మౌనా లోవా కొండ మీద 1958లో చార్లెస్ కీలింగ్ కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలోని ప్రతి పది లక్షల అణువులకు 315 దాకా కార్బన్ డయాక్సైడ్ ఉండేది. 2024 సగటు 424 దాటింది. యంత్రయుగానికి ముందు 280 ఉండేదని మంచు పొరల్లో చిక్కుకున్న పాత గాలి బుడగలు చెబుతున్నాయి.

పెరిగింది సరే, మన వల్లే పెరిగిందని రుజువేమిటి? రిపేరు పని చేసేవాడికి ఇదే అసలు ప్రశ్న, ఎందుకంటే కారణం తేలకుండా పార్టు మార్చేవాడు మెకానిక్ కాడు. రుజువు కార్బన్‌లోనే ఉంది. బతికున్న చెట్టులో కార్బన్-14 అనే రకం కొద్దిగా ఉంటుంది. అది 5,730 ఏళ్లకు సగమవుతుంది. కోట్ల ఏళ్లు భూమిలో ఉన్న బొగ్గులో, చమురులో అది మిగలదు. వాటిని కాల్చగా వచ్చిన పొగ గాలిలో కలిస్తే గాలిలోని కార్బన్-14 పలచబడాలి. 1950లలో హాన్స్ సూయెస్ సరిగ్గా అదే చూపించాడు. ఇంకో ఆధారం నాకు మరీ నచ్చుతుంది. సూర్యుడి వేడి పెరగడం వల్లే ఇదంతా జరుగుతుంటే వాతావరణం కింది నుంచి పైదాకా వేడెక్కాలి. కానీ కింది పొర వేడెక్కుతోంది, దానిపైన ఉన్న స్ట్రాటోఆవరణం చల్లబడుతోంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఇలాగే జరుగుతుందని స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ 1967లోనే లెక్కవేసి చెప్పారు. 2021లో మనాబేకు నోబెల్ వచ్చింది.

ఇక ఏసీల్లో నింపడానికి నేను మోసుకెళ్లే సిలిండర్ల సంగతి. ఒక కిలో వాయువు వందేళ్లలో ఎంత వేడి పట్టి ఉంచుతుందో కార్బన్ డయాక్సైడ్‌తో పోల్చి చెప్పే లెక్క ఒకటుంది. మీథేన్‌కు అది 28 దాకా, నైట్రస్ ఆక్సైడ్‌కు 270 దాకా. చాలా స్ప్లిట్ ఏసీల్లో ఉన్న ఆర్-410ఏ అనే గ్యాస్‌కి 2,088. ఎందుకంత? నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ పట్టుకోకుండా వదిలేసే కొన్ని కిరణాలున్నాయి. భూమి వేడి తేలిగ్గా బయటపడే దారి అది. కార్బన్‌కు ఫ్లోరిన్ తగిలిన అణువులు సరిగ్గా ఆ దారికే అడ్డుపడతాయి.

లీటరు పెట్రోలు కాలిస్తే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది (లీటరు పెట్రోలు బరువు కిలో కూడా ఉండదు; మిగతా బరువు గాలిలోంచి కలిసే ఆక్సిజన్‌ది). ఆ లెక్కన ఒక కిలో ఆర్-410ఏ గాలిలో కలిస్తే 900 లీటర్ల పెట్రోలు కాల్చినట్టు. అంత నష్టమూ గొట్టాలను కలిపే ఒక ఫ్లేర్ నట్టు సరిగ్గా బిగించకపోవడం వల్ల. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా తిరుగుతుంది కాబట్టి లీకున్న చోట దుమ్ము పట్టిన నూనె మరక కనిపిస్తుంది. సబ్బు నురగ పూస్తే అక్కడ సన్నటి బుడగలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. చూడటానికి ఏమీ లేనట్టే ఉంటుంది.

వెనకటి ఫ్రిజ్‌ల్లో వాడిన సీఎఫ్‌సీలు అనే వాయువులు ఓజోన్‌ను తింటాయని 1974లో మొలీనా, రోలండ్ చెప్పారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. వాటి స్థానంలో వచ్చిన హెచ్‌ఎఫ్‌సీలు (ఆర్-410ఏ ఆ కోవదే) ఓజోన్ జోలికి పోవు కానీ వేడిని బాగా పట్టుకుంటాయి. వాటినీ తగ్గించాలని 2016లో కిగాలీలో ఒప్పుకున్నారు. అది సరిగ్గా అమలైతే ఈ శతాబ్దాంతానికి దాదాపు అర డిగ్రీ వరకు వేడి తప్పుతుందని అంచనా. రెండొందల దేశాలు కలిసి ఏదీ సాధించలేవని వాదించేవాళ్లకు నేను చూపించేది ఈ ఒప్పందాన్నే.

మా వాయువుల వాటా మొత్తం ఉద్గారాల్లో 2 శాతమే. ముప్పావు వంతు కార్బన్ డయాక్సైడ్‌దే, దాని తర్వాత మీథేన్. ఈ రెండూ ఒకే తీరువి కావు. మీథేన్ పన్నెండేళ్లలో చాలావరకు కరిగిపోతుంది. గ్యాస్ పైపుల లీకులు, చెత్త కుప్పల నుంచి వచ్చేది అరికడితే ఫలితం మన కళ్ల ముందే కనిపిస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌లో సగం దాకా సముద్రాలు, అడవులు తీసుకుంటాయి, మిగిలింది పేరుకుపోతుంది. అందులో కొంత వేల ఏళ్లు ఉంటుంది. కాబట్టి ఏడాదికి పంపేది కొంత తగ్గించినా పేరుకున్నది తగ్గిపోదు, పెరిగే వేగం మాత్రమే తగ్గుతుంది. వేడి పెరగడం ఆగాలంటే నికరంగా సున్నాకు రావాలి, అంటే మనం గాలిలోకి పంపేది మనం తిరిగి తీసేసేదానికి మించకూడదు. వార్తల్లో "ఉద్గారాలు తగ్గాయి" అని చదివి స్థిమితపడేవాళ్లతో నాకు ఇక్కడే గొడవ.

మెకానిక్‌గా నాకు ఎక్కువ ఆశ కలిగించేది హీట్ పంపు. ఏసీని తిరగేసి నడిపితే అదే. ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్లకు పైగా వేడిని బయటి నుంచి లోపలికి తెస్తుంది. బాయిలర్లో గ్యాస్ మండించి అదే వేడి తెచ్చుకోవడం నాకు వృథాగా తోస్తుంది, ఆ కరెంటు ఎండ నుంచో గాలి నుంచో వస్తే ఇక చెప్పక్కర్లేదు. చెట్లు నాటడం మంచిదే, కానీ చెట్టు కాలిపోయినా కుళ్లిపోయినా దాచుకున్న కార్బన్‌ను చాలావరకు తిరిగి ఇచ్చేస్తుంది. బొగ్గు కాల్చడానికి దాన్ని పరిహారంగా చూపించడం నాకు నచ్చదు.

మీ ఇంటికి మెకానిక్ వస్తే లీకు ఎక్కడుందో చూపించమనండి. చూపించకుండా గ్యాస్ నింపితే కొన్నాళ్లకు అదీ పోతుంది. గొట్టం విప్పే ముందు లోపల మిగిలిన గ్యాస్‌ను రికవరీ మెషిన్‌తో సిలిండర్లోకి తీయాలి. అలా కాకుండా వాల్వు తెరిచి బయటికి వదిలేయడం మా వృత్తిలో బాగా పాతుకుపోయిన అలవాటు. గ్యాస్‌ను సిలిండర్లోకి తీయడానికి పట్టే సమయానికి డబ్బులు ఇస్తామని ముందే చెప్పండి, మా వాళ్లు తప్పకుండా చేస్తారు. పాత ఏసీని తుక్కుకు ఇచ్చేటప్పుడు కూడా ఇదే అడగండి.

కొత్త ఫ్రిజ్‌ల్లో చాలావాటికి ఆర్-600ఏ, అంటే ఐసోబ్యూటేన్ వాడుతున్నారు. సుమారు 50 గ్రాములు సరిపోతుంది, వేడి పట్టే లెక్క 3 దాకానే. చిక్కల్లా అది మండుతుంది. కంప్రెసర్ మీద పసుపు త్రికోణంలో మంట బొమ్మ కనిపిస్తే, గొట్టాలు అతికే మంట టార్చ్ వెలిగించే ముందు గ్యాస్ పూర్తిగా తీశారా అని మెకానిక్‌ని అడగండి, కిటికీలు తెరవండి.