చెరకు తోటలో దొరికిన కూనలకు ఏ పాలు పట్టాలి?

చెరకు నరుకుతుంటే చిరుత పిల్లలు దొరికాయని ఫోను. పశువైద్యురాలిగా కృష్ణా జిల్లాకు వచ్చాక ఇలాంటి ఫోను ఇది మూడోసారి. వెళ్లి చూస్తే అవి అడవి పిల్లి కూనలు, మూడు. చిన్నప్పుడు ఒంటి మీద చారలుంటాయి కాబట్టి జనం చిరుతలనుకుంటారు. కళ్ళు అప్పుడే విచ్చుకున్నాయి, అంటే పది పన్నెండు రోజులవి.

అటవీశాఖ బీట్ ఆఫీసరూ నేనూ ముందు తల్లికే అప్పగించాలనుకున్నాం. దొరికిన చోటే గంపలో పెట్టి రాత్రంతా దూరంగా కూర్చున్నాం. సెల్‌ఫోన్లు పట్టుకుని ఊరంతా గట్టు మీదే ఉంటే ఏ తల్లి వస్తుంది?

పొద్దున వాటిని మా క్వార్టర్‌కు తెచ్చేసరికి మూడింటికీ విరేచనాలు. రైతు భార్యను అడిగితే, "ఆకలికి ఒకటే అరుపులమ్మా, ఆవుపాలలో కాస్త పంచదార కలిపి పట్టాను" అంది. ఆమెను ఏమనగలను? పిల్లికి పాలిష్టమని మనందరికీ చిన్నప్పుడే చెప్పారు కదా.

ఆవుపాలలో ప్రోటీన్ 3.3 శాతం, లాక్టోజ్ అనే పాల చక్కెర 4.8 శాతం దాకా ఉంటుంది. పిల్లి పాలలో ప్రోటీన్ అందుకు రెట్టింపు పైనే. ఆవుపాలను మరిగించి చిక్కబరిస్తే ప్రోటీన్‌తో పాటు లాక్టోజూ పెరుగుతుంది, పొట్ట ఇంకా పాడవుతుంది. గేదెపాలలో వెన్న ఎక్కువే కానీ ప్రోటీన్ చాలదు. మేకపాలు మంచివని మా అటెండరు పట్టుబట్టాడు. వాటిలోనూ లాక్టోజ్ నాలుగు శాతం పైనే. పైగా టారిన్ అనే పదార్థాన్ని పిల్లి జాతి సరిపడా తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. అది లేకపోతే కంటి లోపలి పొర (రెటీనా) చెడుతుందని 1975లో, గుండె కండరం బలహీనపడుతుందని 1987లో తేలింది. ఆవుపాలలో అది చాలా తక్కువ.

మా ఊళ్ళో దొరికింది కుక్కపిల్లల పాలపొడి మాత్రమే. పిల్లికూనల పొడి విజయవాడ నుంచి సాయంత్రం బస్సులో వచ్చింది. అప్పటిదాకా గోరువెచ్చటి ఎలక్ట్రోలైట్ (లవణాలు కలిపిన) నీళ్ళే పట్టాను. అదీ ఒళ్ళు వెచ్చబడ్డాకే, చల్లబడిన కూనకు పాలు పడితే అరగవు. తర్వాత పావు వంతు పొడిపాలు, మిగతా ఆ నీళ్ళు. మర్నాడు సగం, ఆపై ముప్పాతిక. బోర్లా పడుకోబెట్టి మూడు గంటలకోసారి తలా 5 మిల్లీలీటర్లు. వెల్లకిలా వేస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పట్టిన ప్రతిసారీ తడి దూదితో తోక కింద తుడిస్తేనే మూత్రం, దొడ్డికి వస్తాయి. తల్లి నాలుకతో చేసే పని అది.

తప్పు నేనే చేశాను. నాలుగో రోజు తూకం చూస్తే చిన్నది 182 గ్రాముల దగ్గరే ఆగిపోయింది. టెన్షన్‌లో, ఒక వంతు పొడికి రెండు వంతుల నీళ్ళని డబ్బా మీద ఉన్నా, నీళ్ళు తగ్గించి కలిపాను. బలం వస్తుందనుకున్నాను. తెల్లారేసరికి పొట్ట బిగిసింది, దొడ్డికి లేదు, సిరంజి చూస్తే మూతి తిప్పేస్తోంది. జూలో పనిచేసే మా సీనియర్‌కు ఫోను చేస్తే, "చిక్కగా చేస్తే అది ఒంట్లో నీళ్ళే లాగేస్తుందమ్మా. మళ్ళీ సగానికి దించు, ఎక్కువసార్లు పట్టు" అన్నారు. అలాగే చేశాను. మిగతా రెండూ నిలబడ్డాయి. చిన్నది ఆరో రోజు రాత్రి పోయింది.

నాలుగు వారాలకు కోడిమాంసం కీమా మొదలుపెట్టాను. ఎముక లేని ఉత్త కండ అయితే కాల్షియం చాలక కాళ్ళు వంకరపోతాయని కాల్షియం పొడి కలిపేదాన్ని. వాటికి నేను అలవాటు కాకూడదని పేర్లు పెట్టలేదు, తూకం పుస్తకంలో ఒకటి, రెండు అనే రాశాను. అటవీశాఖ వాళ్ళు తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు బోను దగ్గరికి వెళ్తే రెండో నంబరు నా మీదకే బుస్సుమంది.